అందరి తరఫునా మాట్లాడిన పిల్ల

ఆమె పోయిన సంగతి నాకు ఫోన్‌లోని గ్రూపు చెప్పింది. మా పాత క్వార్టర్స్‌వాళ్ళ గ్రూపు అది. పొద్దున్నే టీ పెట్టుకుంటూ చూస్తే, ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోలోంచి కత్తిరించిన ఆమె మొహం, దాని చుట్టూ పువ్వుల చట్రం, కింద వరుసగా దణ్ణాల బొమ్మలు. డెంగ్యూ అని ఎవరో రాశారు. హౌరాలో ఆసుపత్రిలో చేర్చేసరికే ఆలస్యమైపోయిందని ఇంకెవరో రాశారు. మాలో ఫోన్‌లో తెలుగు అక్షరాలు కొట్టడం రానివాళ్ళే ఎక్కువ కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటారు. ఆ అక్షరాల్లోనే ఒకావిడ ‘మాకందరికీ కొండంత అండ’ అంది. ఒకాయన ‘మన క్వార్టర్స్ ఆడపిల్ల’ అన్నాడు. ఆమెను ఆ క్వార్టర్స్‌లోంచి బయటికి పంపినవాళ్ళలో ఆయనొకడు.

నేను దణ్ణం బొమ్మ పెట్టలేదు. ఫోను బోర్లించి, స్టవ్ మీద పొంగిపోయిన టీ తుడుచుకున్నాను.

ఆమెను నేను దగ్గరగా ఎరిగింది మా పన్నెండో ఏటినుంచి పద్నాలుగో ఏటి దాకా. కలకత్తా గార్డెన్ రీచ్‌లో, ఓడరేవు గోడకి వెనకవైపున్న మునిసిపాలిటీ క్వార్టర్స్‌లో ఒకే వరండాకి ఆ చివర వాళ్ళ గది, ఈ చివర మాది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రోడ్లు ఊడ్చే పనికి వచ్చారు. మా నాన్నలదీ అదే పని. మగవాళ్ళకి బెంగాలీ బాగానే వచ్చేది. ఊళ్ళనుంచి పెళ్ళయి వచ్చిన మా అమ్మలకే వచ్చేది కాదు. చేపలవాడితో బేరమాడేంత వచ్చేదిగాని, ఆసుపత్రిలో డాక్టరుతోనో బడిలో బెంగాలీ హెడ్‌మిస్ట్రెస్ పెద్దమ్మగారితోనో మాట్లాడాల్సి వస్తే నోరు ఎండిపోయేది. అలాంటప్పుడు ఆ చివర గదికి కబురు వెళ్ళేది.

పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎప్పుడు నిలబడినా ఒక పాదం తెచ్చి రెండో పాదం మీద పెట్టుకుని, పడిపోతుందేమో అన్నట్టుండేది. పడేది కాదు. బెంగాలీ మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండు కాళ్ళూ నేలకి ఆనించి, చేతి వెనకవైపుతో మూతి తుడుచుకుని, “ఉండు, నాను మాటాడతాను,” అనేది. పెద్దవాళ్ళకీ అదే మాట, పిల్లలకీ అదే మాట. ఆ మాట అనగానే మా అమ్మలు ఒకడుగు వెనక్కి వేసేవాళ్ళు. పన్నెండేళ్ళ పిల్ల వెనకాల ముగ్గురు పిల్లల తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డం నేను ఎన్నోసార్లు చూశాను. నవ్వులాటగా ఉండేది అప్పుడు.

మంచి పిల్ల అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇప్పుడందరూ అదే చెబుతున్నారు. ఆమె అబద్ధాలు అలవోకగా ఆడేది. తీసుకున్న రిబ్బను తిరిగి ఇచ్చేది కాదు. ముడీలో పల్లీలు, ఆవనూనె వేసి కలిపితే, ఆ బొరుగులన్నీ మాకు వదిలి పల్లీలు తను ఏరుకునేది. ఒకసారి కోపం వస్తే నెలల తరబడి ఉంచుకునేది. మా అన్నయ్య ఏదో అన్నాడని వాడి చెప్పు ఒకటి కాలవలో పడేసి, పడేశానని వాడికే వచ్చి చెప్పింది. మా మీద పెత్తనం చేసేది. కానీ మాలో ఎవరికి ఏం వచ్చినా ముందు ఆమె దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఇంట్లో తెలిసేది తర్వాత.

మా క్లాసులో ఒక పిల్ల పెద్దమనిషి అయ్యాక వాళ్ళమ్మ బడి మానిపించింది. ఈమె వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆవిడ బియ్యం ఏరుతోంది.

“ఏటే, ఇక్కడ కూకున్నారు?” అంది ఆవిడ.

“దాన్ని బడికి పంపు అత్తా.”

“పంపను. నీకేటి?”

“నాకేటీ నేదు. మొన్న నీ కడుపునొప్పికి ఆస్పత్రికి నాను వచ్చినాను గదా. మళ్ళీ వారం రమ్మన్నాడు గదా డాట్రు. దాన్నే తీసుకెల్లు. అదే మాటాడతాది. బెంగాలీ బాగా వచ్చేత్తాది, ఇంట్లో కూకుంటే.”

ఆవిడకి ఒళ్ళు మండింది. చాట విసిరినంత పని చేసింది. మేం కదల్లేదు. పొయ్యి మీద అన్నం ఉడికి, ఆవిడ గంజి వార్చి, వాళ్ళాయన పనినుంచి వచ్చేవరకు అలాగే కూర్చున్నాం. సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. ఇప్పుడు ఒక పెద్ద బట్టల షోరూంలో సూపర్‌వైజరు. గ్రూపులో పువ్వుల చట్రం పెట్టింది ఆమే.

మాకందరికీ ముందు ముందు ఏం కావాలో కూడా ఆమే చెప్పేది. బస్సులో సీట్లు ఆపినట్టు, నువ్వు నర్సువి, నువ్వు బ్యాంకు, నువ్వు నీ మొహానికి టీచరు చాలు అనేది. నన్ను లాయరువి అవుతావంది. నేను ఇప్పుడు ఒక బడి ఆఫీసులో గుమాస్తాని. ఆమె మాత్రం సారెంగ్ అవుతానని నిశ్చయించుకుంది. హుగ్లీ మీద లాంచీ నడిపేవాణ్ణి ఇక్కడ సారెంగ్ అంటారు. సెలవు దొరికితే చాలు, రేవుకి వెళ్ళి లాంచీ ఎక్కి, చక్రం ఉన్న గది కిటికీ పట్టుకుని నిలబడేది. ముసలి సారెంగ్ దాదా మొదట్లో కసిరేవాడు. తర్వాత అలవాటుపడ్డాడు. ఆటు ఎప్పుడు వస్తుందో, పోటు మీద పడవ ముక్కు ఎటు తిప్పాలో ఆమె ఆయన్ని విసిగించి తెలుసుకుంది. ఆడవాళ్ళని పెట్టుకుంటారా అని నేనడిగితే, “పెట్టుకోపోతే నాను మాటాడతాను గదా,” అంది. మగపిల్లలతో పాటు రేవులో దూకి ఈత నేర్చుకుంది. అందుకు వాళ్ళ నాన్న కొట్టాడు. మర్నాడు అదే నాన్న రేవు మెట్ల మీద కూర్చుని ఆమె తువ్వాలు పట్టుకున్నాడు. అలాంటి మనిషి ఆయన.

ఒకసారి మా బడికి ఎక్కడో కాలేజీనుంచి ఇద్దరు బెంగాలీ ఆడవాళ్ళు వచ్చారు. బడిపిల్లలు ఏమనుకుంటున్నారో తెలుసుకోడానికట. ముందు ముందు ఏమవుదామనుకుంటున్నావు, కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటావు, నీ బతుకు నీకు తృప్తిగా ఉందా అని ఒక్కొక్కరినీ అడిగారు. మాది తెలుగు బడి. వీధి బెంగాలీ మాకు వచ్చుగాని, వాళ్ళది పుస్తకాల బెంగాలీ. చిన్న తరగతి పిల్లలు బిక్కమొహం వేశారు. ఈమె లేచి, మూతి తుడుచుకుని, “ఉండండి దీదీ, నాను మాటాడతాను,” అని మధ్యన నిలబడింది.

మొదటి పిల్ల వంతు వచ్చింది. నీ బతుకు నీకు బాగుందా అని ఈమె తెలుగులో అడిగింది. ఆ పిల్ల నేలచూపులు చూస్తూ, “మా నాన్న తాగొచ్చి అమ్మని కొడతాడు. నాను మంచం కింద దూరిపోతాను. బాగోనేదు,” అంది.

ఈమె దీదీల వైపు తిరిగి, “ఖూబ్ భాలో,” అంది. చాలా బాగుందట.

రెండో పిల్లకీ అంతే. మూడో పిల్లకీ అంతే. ఆ గదిలో ఏ తెలుగు మాట పుట్టినా బెంగాలీలోకి వచ్చేసరికి ఖూబ్ భాలో అయ్యేది. కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటారని అడిగినప్పుడు పిల్లలందరూ ఈమెను చూపించారు. దీదీల్లో ఒకావిడ నవ్వి, “మరి నువ్వెవరికి చెప్పుకుంటావు?” అని అడిగింది. ఈమెకి ఆ ప్రశ్న తెలుగులోకి తిప్పాల్సిన అవసరం లేదు. అయినా పాదం మీద పాదం పెట్టుకుంది. చివరికి తనకి కష్టాలు లేవని చెప్పింది.

ఇంటికి వస్తూ నేను దెబ్బలాడాను. నిజం చెప్పొచ్చు కదా, వాళ్ళు ఏదైనా చేసేవాళ్ళేమో అన్నాను.

“ఏటి సేత్తారే? ఆవిడ రాసుకోని ఎల్లిపోద్ది. ఆ మాట మాత్రం ఈ గుంట మీద ఉండిపోద్ది. రేపు పెద్దమ్మగారు పిలిసి, మీ నాన్న తాగుతాడా అని పదిమందిలో అడుగుద్ది. నాను దాని కాడ రోజూ ఉంతాను. ఆవిడ ఉంతాదా?”

మా పద్నాలుగో ఏట వానాకాలంలో వాళ్ళ నాన్న పోయాడు. కాలవల్లో దిగి చెత్త తీసిన పని అయ్యాక జ్వరం తగిలి, కళ్ళు పచ్చబడి, వారం తిరక్కుండా పోయాడు. పనిలో ఉండగా పోతే ఆ పని ఇంట్లో ఒకరికి ఇచ్చే ఆనవాయితీ ఉండేది. పని ఎవరిదైతే గది వాళ్ళది. ఎవరికి ఇవ్వాలో మా తెలుగు సంఘం పెద్దలు ఒక పేరు చెబితే దాదాపు అదే ఖాయం. వాళ్ళమ్మకి ఆయాసం. తమ్ముడు మూడో క్లాసు. దినాలకని ఊరినుంచి వచ్చిన చిన్నాన్న తిరిగి వెళ్ళలేదు. సంఘం గదిలో పెద్దలతో పేకాటకి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున్న సంఘం గదిలో సమావేశం పెట్టారు. క్యారమ్ బోర్డు గోడకి చేరవేసి, బల్ల వెనకాల పెద్దలు కూర్చున్నారు. మా నాన్న సంఘం కార్యదర్శి. ఆయనా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఆడవాళ్ళూ పిల్లలూ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

“ఆడమనిషి, పైగా ఆయాసం మనిషి,” అన్నాడు మా నాన్న. “ఎండల్లో వానల్లో సెత్త బండి లాగలేదు. మరిదికి ఇప్పిత్తే అందర్నీ ఆడే సూసుకుంతాడు. ఇంటికో మగదిక్కు ఉంతాది.”

చిన్నాన్న తలొంచుకుని చేతులు కట్టుకున్నాడు.

“ఉండండి బాబాయి, నాను మాటాడతాను,” అంటూ ఆమె మా నాన్న ఎదటికి వచ్చింది. “మాయమ్మ సేత్తాది. దగ్గు ఎక్కువైన రోజు బండి నాను లాగుతాను. లాగీసి బడికెల్తాను. నాకు పద్దెనిమిది వచ్చినాక ఆ పని నాను సేసుకుంతాను. తమ్ముడు సదువుకుంతాడు. మీరు మాయమ్మ పేరు సెప్పండి సాలు.”

లాంచీని ఆ ఒక్క మాటతో వదిలేసింది. అది అక్కడ నాకొక్కదానికే తెలుసు.

“పెద్దోళ్ళు మాటాడతంటే ఆడపిల్లకి మద్దిన మాటలేటి?” అన్నాడు ఒక పెద్దాయన. ‘మన క్వార్టర్స్ ఆడపిల్ల’ అని ఇప్పుడు రాసినాయన ఆయనే.

అప్పుడామె వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. అక్కడ ఆమె ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. ఆమె మాట్లాడి బడిలో చేర్పించిన పిల్లల తల్లులున్నారు. కానుపు గది బయట కూర్చుని, నర్సులతో గొడవపడి ఆమె మంచం ఇప్పించిన మనిషి ఉంది. ఆమె ఒక్కొక్కరినీ ఆగి ఆగి చూసింది. ఒకావిడ కొంగు సర్దుకుంది. ఒకావిడ చంకలో పిల్లాణ్ణి రెండో చంకకి మార్చుకుంది. మా అమ్మ గుమ్మం పైనున్న పటం వైపు చూసింది. వాళ్ళమ్మ మాట్లాడబోయింది గాని దగ్గు తెర అడ్డొచ్చింది. అది తగ్గేసరికి పెద్దలు చిన్నాన్న పేరు ఖాయం చేసేశారు.

ఆ సాయంత్రం నేను మా నాన్నని అడిగాను, ఎందుకలా చేశావని.

“ఆడు మనోడే. నాను మాటిచ్చీసినాను,” అన్నాడు, కాళ్ళు కడుక్కుంటూ. అంతకు మించి కారణం లేదు. ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పేవాడు.

దసరా పూజలయ్యాక చిన్నాన్నకి పని వచ్చింది. ఊరినుంచి పెళ్ళాం పిల్లలు వచ్చారు. పొయ్యిలు రెండయ్యాయి. తర్వాత వీళ్ళ పొయ్యి వరండాలోకి వచ్చింది. చలికాలానికి పక్కలూ వరండాలోకి వచ్చాయి. అందరం ఆ వరండాలోంచే నీళ్ళకి వెళ్ళేవాళ్ళం, వాళ్ళ కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ. ఆ జాగ్రత్త తప్ప ఎవరూ ఏ సాయమూ చేయలేదు. ఆమె బడి మానేసింది. ఆమె కోసం ఏ ఇంటి గుమ్మంలోనూ ఎవరూ వెళ్ళి కూర్చోలేదు. ఎవరైనా ఆసుపత్రికి తోడు రమ్మంటే మాత్రం రాననేది. “పొగరు,” అనుకున్నారు.

నది అవతల షాలిమార్ దగ్గర గూడ్సు యార్డు వెనకాల వాళ్ళ మేనమామ వరసవాడెవరో చిన్న గది చూపించాడు. వెళ్ళేరోజు నేను రేవుదాకా వెళ్ళాను. లాంచీలో సారెంగ్ దాదా కిటికీలోంచి చూసి, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళలేదు. ట్రంకు పెట్టె మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, వాడి చొక్కా పట్టుకుని జనం మధ్యన నిలబడింది.

“మళ్ళీ ఎప్పుడొస్తావే?” అన్నాను.

“ఇంక ఎవుల్నీ నా కాడికి పంపకండి,” అంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె కబురు తెలియలేదు. హౌరాలో బనియన్ల కార్ఖానాలో మడతలు పెడుతోందని ఒకసారి, వాళ్ళమ్మ పోయిందని ఒకసారి విన్నాను. మళ్ళీ చూసింది మా అమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు. అన్నయ్య హౌరాలో ఉంటాడు కాబట్టి అక్కడే ఒక నర్సింగ్ హోంలో చేర్చాం. రెండోరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి మంచం పక్కన నీలం అంచు చీరలో ఆయా నిలబడి ఉంది. పాదం మీద పాదం పెట్టుకుని. నన్ను చూసి తలూపింది, నిన్నే విడిపోయినట్టు. అమ్మని లేవదీసి, వెనకాల దిండ్లు సర్ది, జుట్టు విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

అమ్మ ముందే ఆనవాలు పట్టినట్టుంది. కాసేపు ఆ నొప్పీ ఈ నొప్పీ చెప్పుకుంది. తర్వాత, “పెళ్ళి సేసుకున్నావేటమ్మా?” అంది.

“నేదు పిన్నీ. తమ్ముడికి సేసినాను.”

“మీ నాన్న ఉంటే ఎలాగుండేదానివో. ఏటి సేత్తాం, రోజులు అలాటివి.”

దువ్వెన ఆగలేదు. చిక్కు దగ్గర జుట్టు మొదట్లో పట్టుకుని, నొప్పి పుట్టకుండా విడదీసింది.

“రోజులేటి సేసినాయి పిన్నీ,” అంది. “మీరే అలాటోళ్ళు.”

గొంతులో కోపం లేదు. జడ అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసి, బెడ్‌పాన్ తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ కిటికీ వైపు తిరిగింది. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చాక చెప్పింది, “దాని పొగరు తగ్గనేదు.” ఆ పది రోజులూ అమ్మ ఒంటిని కడిగిందీ తుడిచిందీ ఆమే. ఒక్కరోజు ముఖం చిట్లించింది లేదు.

డ్యూటీ దిగాక బయట కొట్లో మట్టి ముంతల్లో టీ తాగాం. తమ్ముడు యార్డులో లోడింగు పనిలో ఉన్నాడంది. చదువు సాగలేదట. లాంచీ ఎక్కుతున్నావా అని అడిగాను.

“ఎక్కను. అటేపు పని పడితే వంతెన మీద బస్సులో తిరిగొత్తాను.”

“నీకు ఎవరున్నారే ఇప్పుడు, చెప్పుకోడానికి?”

నవ్వింది. “నాకోసం ఒక్కసారి మాటాడినాను. ఆ రోజే తెలిసిపోనాది. ఎదటోళ్ళ గురించి సెప్తే ఇంతారు. మనం మన గురించి సెప్పుకుంటే, పిల్లకి నోరెక్కువ అంతారు.” ముంత నేలకేసి కొట్టి, బస్సు వస్తోందని పరిగెత్తింది. నా ఫోన్ నంబరు ఇచ్చాను. ఆమె ఎప్పుడూ చేయలేదు. నేను పండగలకి చేసేదాన్ని. “బాగున్నానే,” అనేది.

పోయిన ఆదివారం సంఘం గదిలో సంతాపసభ పెట్టారు. వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేశాను, వస్తావా అని. “రాను అక్కా. ఆళ్ళ ముందల ఏడవడం నాకు ఇష్టం నేదు,” అన్నాడు. నేను వెళ్ళాను. ఫోటోకి బంతిపూల దండ వేశారు. ముందు వరసలో చిన్నాన్న కూర్చున్నాడు, కండువా వేసుకుని. రిటైరయ్యాడు. ఆ గదిలో ఇప్పుడు ఆయన కొడుకుంటున్నాడు. మా నాన్న ఇప్పుడు సంఘం అధ్యక్షుడు. లేచి గొంతు సవరించుకుని, ఆమె ఎంత చలాకీ పిల్లో, ఎంతమందికి సాయపడిందో చెప్పాడు. అదంతా నిజమే. తర్వాత అన్నాడు, “ఆల నాన్న కాలం సేసినప్పుడు మన సంగమే ముందుండి ఆ కుటుంబానికి అండగా నిలబడ్డాది.”

నేను లేచాను. “అది నిజం కాదు నాన్నా,” అన్నాను. ఆ ఆదివారం ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో, ఎవరు ఎటు చూశారో చెప్పాను. చలికాలం వరండా గురించి చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ కొందరు ఫోన్లు చూసుకున్నారు. చిన్నాన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. వెనక వరసలో ఒక పదమూడేళ్ళ పిల్ల వాళ్ళమ్మ చెయ్యి లాగి, ఆవిడ ఏం చెప్తోందని బెంగాలీలో అడిగింది. ఆ తల్లిని చిన్నప్పుడు బడిలో చేర్పించడానికి వెళ్ళి మాట్లాడింది ఫోటోలో ఉన్న మనిషే. ఆవిడ కూతురి తల నిమిరి, “కిచ్ఛు నా,” అంది. ఏమీ లేదట.

ఎవరో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. పాటించారు. తర్వాత సమోసాల్లాంటి సింగాడాలూ టీ ఇచ్చారు.

తిరిగి వస్తూ ఆటోలో నాన్న రోడ్డువైపు తిరిగి కూర్చున్నాడు. పదిమందిలో పరువు తీశానని కోపంగా ఉన్నాడనుకున్నాను. రేవు మలుపు దగ్గర ట్రాఫిక్ ఆగింది.

“నీకు అప్పుడు ఏటి తెలుసమ్మా,” అన్నాడు చివరికి, మెల్లగా. “నీకు ఎన్నేళ్ళని?”

“పద్నాలుగు నాన్నా. దానికీ అంతే.”

“మరదే,” అన్నాడు. “ఇద్దరూ సిన్నపిల్లలే గదా.”